బాలయేసు పేరు పెట్టుకున్న వేడినీరు

ముసురు పట్టి కూరగాయలు దొరకని రోజున మన పల్లెల్లో అక్కరకు వచ్చేవి ఎండు నెత్తళ్ళు. సంతలో గంపల్లో పోసి అమ్ముతారు. తలలు గిల్లి, వేయించి, వంకాయతోనో టమాటాతోనో వండితే పిల్లలు ఇంకొక ముద్ద అడుగుతారు. వేలెడంత చేప. దానికి ఒక చరిత్ర ఉంటుందని మనమెవరమూ అనుకోము. అయితే ఈ నెత్తళ్ళకు చుట్టమైన ఒక చేప దక్షిణ అమెరికాలోని పెరూ దేశమును ధనవంతము చేసింది, రెండేళ్ళు తిరగకముందే వీధిలో నిలబెట్టింది కూడా. ఆ కథలో మన క్రిస్మస్ పండుగ ఉన్నది, మన ఒంగోలు కూడా ఉన్నది. అందుకే ఈ నెల ఆ సంగతి చెప్పదలచాము.

ఆ చేపను అక్కడివారు ఆంచోవేటా అంటారు. పెరూ భూమధ్యరేఖకు దగ్గరి దేశమే అయినా దాని తీరములో నీరు చల్లగా ఉంటుంది. ఇందుకు కారణము గాలి. తీరము వెంబడి దక్షిణము నుండి ఉత్తరానికి వీచే గాలి, భూమి తిరుగుడు తోడై, పైనీటిని ఒడ్డు నుండి దూరముగా నెట్టివేస్తుంది. ఖాళీ అయిన చోటికి అడుగునీరు పైకి వస్తుంది. సముద్రములో చచ్చినదంతా కుళ్ళి కిందికి దిగుతుంది గనుక అది ఎరువు కలిసిన నీరు. రైతు లోతుగా దున్ని అడుగుమట్టిని పైకి తెచ్చినట్టే. ఎండ తగలగానే కంటికి కనబడని నాచు కోట్లకొలదిగా పుడుతుంది. దానిని సన్నని పురుగులు తింటాయి, ఆ రెంటినీ ఆంచోవేటా తింటుంది, ఆంచోవేటాను పెద్ద చేపలూ సీల్ జంతువులూ పక్షులూ తింటాయి. ఆ పక్షుల రెట్ట దీవులపై గుట్టలుగా పేరుకుంటుంది. దానిని గ్వానో అంటారు. ఇంకా రాజుల కాలములో ఆ పక్షులను చంపినవారికి మరణశిక్ష ఉండేదని గార్సిలాసో అనే పాత చరిత్రకారుడు వ్రాశాడు. 19వ శతాబ్దములో ఆ రెట్టను ఓడలకెత్తి ఐరోపా పొలాలకు అమ్మి పెరూ ప్రభుత్వము ఖజానా నింపుకుంది.

ఇంత సమృద్ధి ఒక్క గాలిపైనా, ఒక్క చల్లనీటిపైనా ఆధారపడి ఉన్నది.

పెరూ ఉత్తర తీరములో పైటా అనే రేవు ఉన్నది. క్రిస్మస్ దాటిన తరువాత ఉత్తరము నుండి ఒక వేడినీటి ప్రవాహము వస్తుందని అక్కడి జాలరులు ఎరుగుదురు. పండుగ రోజుల్లో వచ్చేది గనుక దానికి 'ఎల్ నినో' అని పేరు పెట్టారు. స్పానిష్ భాషలో 'బాలుడు', అనగా బాలయేసు అని అర్థము. 1892లో కమిలో కర్రిల్లో అనే నౌకా కెప్టెను లిమా నగరములోని భూగోళ సంఘములో ఈ పేరు వినిపించగా అది పుస్తకాలకెక్కింది. మామూలు ఏడాది ఆ వేడినీరు కొద్ది వారాలుండి పోతుంది. కొన్ని ఏళ్ళకొకసారి మాత్రము నెలల తరబడి కదలదు. ఈనాడు వార్తల్లో వినే ఎల్ నినో అదే.

అప్పుడు జరిగేదేమిటి? పసిఫిక్ మహాసముద్రముపై తూర్పు నుండి పడమరకు వీచే గాలులు వేడినీటిని ఇండోనేషియా వైపు తోసి ఉంచుతాయి. ఆ గాలులు సడలితే వేడినీరు వెనక్కు పొర్లి పెరూ ఒడ్డున మందపు దుప్పటిలా పరుచుకుంటుంది. పెరూ ఒడ్డు గాలి అప్పుడూ వీస్తూనే ఉంటుంది, నీరు పైకి వస్తూనే ఉంటుంది. కాని వచ్చేది ఆ దుప్పటిలోని వేడినీరే. మోటారు ఆడుతున్నా ఊటనీరు అందని బావి వంటిదన్నమాట. నాచు తగ్గుతుంది. ఆంచోవేటా లోతుకు దిగుతుంది, దక్షిణానికి పోతుంది, లేదా ఒడ్డునే మిగిలిన చల్లని మడుగుల్లో కిక్కిరిసి నిలుస్తుంది.

ఈ కిక్కిరిసి నిలవడమే దాని ప్రాణము తీసింది. 1950ల తరువాత పెరూలో చేపలను ఎండబెట్టి పొడి కొట్టే ఫ్యాక్టరీలు లేచాయి. కోళ్ళకు, పందులకు మేతగా ఆ పొడి పై దేశాలకు పోయేది. చింబోటే అనే చిన్న రేవు 1960లలో ప్రపంచములోనే పెద్ద చేపల రేవు అయింది. ఏడాదికి సుమారు 95 లక్షల టన్నులకు మించి పట్టరాదని నిపుణులు చెప్పగా, 1970లో 1 కోటి 20 లక్షల టన్నులకు పైగా పట్టారు. 1972లో ఎల్ నినో వచ్చింది. చేపలు ఒడ్డుకు చేరడముతో మొదట కొన్ని వారాలు వలలు పిగిలేంతగా నిండాయి. కరువు తలుపు దగ్గర నిలబడి ఉంటే పంట విరగకాసినట్టు కనిపించింది! పిల్లచేప ఆ ఏడు పుట్టనే లేదు, తల్లిచేపను పడవలు ఎత్తుకుపోయాయి. ఏడాది సగమయ్యేసరికి సముద్రము ఖాళీ. 1973లో దొరికినది 20 లక్షల టన్నులైనా లేదు. ప్రభుత్వము ఆ పరిశ్రమనంతా స్వాధీనము చేసుకోవలసి వచ్చింది. చేపపొడి కరువై సోయా చిక్కుడుకు గిరాకీ పెరగగా, ధరలు చూసి బెదరిన అమెరికా 1973 జూన్‌లో సోయా ఎగుమతినే కొంతకాలము ఆపింది. 1950ల మధ్యలో రెండు కోట్లకు పైగా ఉన్న గ్వానో పక్షులు అంతకు ముందరి ఎల్ నినోలకే చాలా వరకు నశించాయి. వాటి మేతను మనుష్యులు పంచుకున్నందున మరల ఆ లెక్కకు చేరనే లేదు.

నేరము బాలునిదేనా? మాకు అలా తోచదు. ఎల్ నినో అంతకుముందు వందలసార్లు వచ్చింది, చేప మరల కోలుకున్నది. యోసేపు అర్థము చెప్పిన కలలోని బక్క ఆవులు ఆ సముద్రములో ఎప్పుడూ ఉన్నవే. బక్క ఏట కూడా బలిసిన ఏటి లెక్కనే వల వేయడము మాత్రము కొత్త.

ఇక మన ఒంగోలు మాట. 1899లో వానలు తప్పి దేశము కరువు పాలైన తరువాత, 1904లో మన వాతావరణ శాఖకు గిల్బర్ట్ వాకర్ అనే గణిత పండితుడు అధిపతిగా వచ్చాడు. రుతుపవనాన్ని ముందుగా చెప్పగలమా అని లెక్కలు వేస్తూ, పసిఫిక్‌పై గాలి బరువు పెరిగినప్పుడు హిందూ మహాసముద్రముపై తగ్గుతుందనీ, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుందనీ, ఇదొక ఏతాములా ఆడుతుందనీ కనుగొన్నాడు. దానికీ పెరూ వేడినీటికీ ఉన్న ముడిని 1969లో బియర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు విప్పాడు. ఎల్ నినో వచ్చిన ప్రతి ఏడూ మనకు కరువు రాదు, 1997లో రాలేదు. కాని 1877–78లో వచ్చినది అతి బలమైన వాటిలో ఒకటి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్న 1876–78 కరువును అదే ముదిరించింది. ఆ కరువులోనే క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకము కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సంఘాలలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ ఏళ్ళ కరువు వెనుక పెరూ తీరపు నీరు వేడెక్కడము కూడా ఉన్నదని మాత్రము మేము ఇటీవలనే చదివాము.

ఎల్ నినో అందరికీ నష్టమే అనుకోరాదు. 1982–83లో పెరూ ఆంచోవేటా దాదాపు మాయమైంది. 1984లో లక్ష టన్నులు కూడా పడలేదు. అదే వేడినీటిలో పిస్కో దగ్గర ఒక జాతి ఆల్చిప్పలు విపరీతముగా పెరిగి, ఎక్కడెక్కడి జాలరులో అక్కడికి చేరారు. నీరు చల్లబడగానే అవీ తగ్గిపోయాయి.

ఇప్పుడు పెరూలో పద్ధతి మారింది. ప్రతి వేట కాలానికి ముందు ప్రభుత్వ సముద్ర పరిశోధన సంస్థ ఓడ వెళ్ళి చేపలను అంచనా కడుతుంది. 12 సెంటీమీటర్లకు తక్కువైనవి పిల్లచేపల కింద లెక్క. అవి మితి మీరితే వేట ఆపుతారు. 1998లో ఎల్ నినో వలన పట్టుబడి పన్నెండు లక్షల టన్నులకు పడిపోయినా, రెండేళ్ళలో 90 లక్షలు దాటింది. 2023లో నీరు వేడెక్కి, వలలో పిల్లచేపలే పడుతుంటే మొదటి వేట కాలమును పూర్తిగా రద్దు చేశారు.

మన తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట మానే కుటుంబాలకు ఆ రోజులెలా గడుస్తాయో తెలుసు. పెరూలో పడవ మీది కూలికి జీతము పట్టిన చేపను బట్టి వస్తుంది, మన వైపు వాటాల వలెనే. కాలము రద్దయితే వాటా లేదు. ఫ్యాక్టరీ యజమానికి నిలవ ధనముంటుంది, వల లాగేవానికి ఉండదు. శాస్త్రము 'ఆపండి' అని సరిగానే చెప్పింది, కాని ఆపిన ఖర్చు ఎవరి గంజి గిన్నె మీద పడిందో ఆ లెక్క ఓడ తీయదు.

మన కేరళ తీరమూ ఇదే చూచింది. 2012లో దాదాపు 4 లక్షల టన్నుల నూనె కవళ్ళు పట్టిన చోట 2021లో 3,297 టన్నులే దొరికాయి. ఎల్ నినో ఏళ్ళు ఇందుకొక కారణమని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది. 2023కు మరల లక్ష టన్నులు దాటాయి.

భూమి వేడెక్కుతున్న కొలది తీవ్రమైన ఎల్ నినోలు ఎక్కువసార్లు రావచ్చునని చాలామంది శాస్త్రజ్ఞుల అంచనా. అప్పుడు సముద్రము కోలుకోవడానికి దొరికే ఎడము తగ్గుతుంది. పెరూలో మాత్రము 2024 ఏప్రిల్‌లో నీరు చల్లబడి, సుమారు 25 లక్షల టన్నులకు అనుమతి ఇచ్చారు. ఏడాదికి పైగా సరిగా వేట లేని పడవలు చింబోటే రేవు నుండి బయలుదేరాయి. ఆ అనుమతిలో దాదాపు అంతా ఆ కాలములోనే ఒడ్డుకు చేరింది.