యోహాను పేరు ఎక్కడెక్కడికి వెళ్లింది?

తాత పేరు యోహాను. అది పాతకాలపు పేరని, మనవడికి ఇయాన్ అని పెడతామంటారు తల్లిదండ్రులు. పిల్లల ప్రతిష్ఠల సమయంలో ఇలాంటి మాట వింటూనే ఉంటాను. ఇయాన్ అంటే స్కాట్లండువారి యోహానే!

హెబ్రీలో ఈ పేరు యోహానాను. యెహోవా కృప చూపెను అని అర్థం. మన బైబిలులో కారేహ కుమారుడు యోహానాను, జెబెదయి కుమారుడు యోహాను వేరుగా కనబడతారు గాని పేరు ఒక్కటే. రెండోది గ్రీకు మీదుగా వచ్చింది. అక్కడినుండే లాటిను దారిన ఇంగ్లీషు జాన్, స్పెయిను హువాన్, ఇటలీ జొవాన్ని పుట్టాయి. రష్యావారు ఇవాన్ అన్నారు. నార్మనులు ఐర్లండుకు తెచ్చిన ఫ్రెంచి రూపం అక్కడివారి నోట షాన్ అయింది. కేరళకు మాత్రం సురియాని భాష ద్వారా చేరింది. అందుకే అక్కడ యోహన్నాన్, ఉలహన్నాన్ అంటారు.

ఇన్ని నోళ్లలో నలిగేసరికి కృప అనే అర్థం మరుగునపడింది.

ఎలీసబెతు బంధువులు కూడా పేరు దగ్గరే పేచీ పెట్టారు. ఆ పేరు మీ వంశంలో లేదు, తండ్రి పేరే పెట్టాలన్నారు. జెకర్యా పలక మీద వ్రాస్తేగాని మాట తెగలేదు. కాబట్టి తాత పేరే ఉంచమని నేను పట్టుబట్టను. ఇయాన్ అనే పెట్టుకోండి. అది ఆయన పేరేనని ఆ పెద్దాయనకు మాత్రం చెప్పండి.

ఆడపిల్లకైతే జేన్, జానెట్, జోన్ వెదుకుతారు. అవన్నీ కూజా భార్య యోహన్న పేరుకు చుట్టాలే. ఖాళీ సమాధి సంగతి అపొస్తలులకు చెప్పిన స్త్రీలలో ఆమె ఒకరు. మన సంఘాల్లో యోహన్న అని పిలవడం నేనింకా వినలేదు.