చెప్పలేని కబురు

ఏలూరు: కొల్లేటి లంకల్లోనైనా, తాడేపల్లిగూడెం పక్క పల్లెల్లోనైనా చావు కబురు సూటిగా చెప్పరు. ‘‘ఒంట్లో బాగోలేదట, వెంటనే బయల్దేరండి’’ అంటారు. మిగతాది దారిలో చుట్టాలకే అర్థమైపోతుంది. 1991 జనవరిలో విడుదలైన ‘సీతారామయ్యగారి మనవరాలు’ అలాంటి కబురు మీద నడిచిన చిత్రమే.

సీతారామయ్య పంతం పట్టి కొడుకుతో మాట మానేసిన పెద్దాయన. ఏళ్ల తరువాత అమెరికా నుంచి మనవరాలు సీత ఒక్కతే వస్తుంది. అమ్మానాన్నలు ఇక లేరు. ఆ సంగతి తాతకు, నాయనమ్మకు చెప్పదు. ఇంట్లో సందడి పెరిగేకొద్దీ ఆ పిల్ల గొంతులో మాట బరువెక్కుతుంది. కథ నెమ్మదిగా సాగుతుంది. ఫైటింగుల కోసం కూర్చున్నవారికి విసుగే. కానీ ఆ నెమ్మది లేకపోతే ఆమె ఎంత మోస్తున్నదో మనకు తెలియదు.

సీతారామయ్యగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు 1924లో పుట్టింది కొల్లేటికి అవతల, గుడివాడ దగ్గరి రామాపురంలో. 1953లో ‘దేవదాసు’గా జనాన్ని ఏడిపించిన నటుడు. ఇక్కడ మాత్రం చాలాసేపు ఆయనకు ఏడవడానికి కారణమే తెలియదు. లోలోపల కొడుకు మీద మమకారం, పైకి పంతం. కళ్లు తుడుచుకునేది హాల్లో కూర్చున్నవాళ్లు. మీనా సీత, రోహిణీ హట్టంగడి నాయనమ్మ. దర్శకుడు క్రాంతికుమార్, సంగీతం కీరవాణి.

ఇప్పుడు అమెరికా వెళ్లిన పిల్లలు ఫోను తెరమీద రోజూ కనిపిస్తారు. సీతారామయ్య ఇంట అది లేదు కనుకనే రహస్యం అన్నాళ్లు దాగింది. చివరకు అది ఆయనకు ఎలా తెలిసిందో తెరమీదే చూడాలి.