పాత జీపునకు వెనుక డిస్కు బ్రేకులు

సాలూరు నుండి సుంకి కనుమ మీదుగా కోరాపుట్ చేరు త్రోవయు, రాయగడ నుండి లక్ష్మీపూర్ మీదుగా పీఠభూమి నెక్కు త్రోవయు ఈ ప్రాంతపు తెలుగువారికి క్రొత్తవి కావు. పెండ్లికైనను, వైద్యమునకైనను, వ్యాపారమునకైనను మనము కనుమ దిగవలసినవారమే. 1947లో మహీంద్రావారు మన దేశమున విల్లీస్ జీపులను కూర్పనారంభించిరి. ఆ వంశపు బండ్లు నేటికిని కొన్ని ముంగిళ్లలో నున్నవి. వానిలో పాతవానికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. వెనుక చక్రములకు డిస్కులు వేయించినచో కనుమ దిగుట నిర్భయమగునా యని జీపు గలవా రడుగుచుందురు. అగునని తొందరపడి చెప్పరాదు.

బ్రేకు చేయు పని వేగమును వేడిగా మార్చుట. 1500 కిలోల బండి 700 మీటర్ల యెత్తు దిగునప్పుడు విడుదలయగు శక్తి యంతయు వేడిగా మారినచో, 30 డిగ్రీలనున్న 35 లీటర్ల నీటిని మరుగు స్థితికి దెచ్చును. ఇందు కొంత గాలికిని టైర్లకును పోవును. బండి చిన్న గేరులో నున్నచో ఇంజను పెద్ద భాగమునే తీసికొనును. మిగిలినదంతయు బ్రేకుల పాలు. నూనె మిగులునని గేరు తీసి దిగువారు ఇంజను పాలును గూడ బ్రేకులకే అంటగట్టుచున్నారు. ఇట్టివారికి ఏ డిస్కును రక్ష కాజాలదు.

డ్రమ్ము మూసిన పాత్ర వంటిది. వేడెక్కినకొలది అది విచ్చుకొని లోపలి షూలకు దూరమగును. లైనింగు పట్టు సడలును. పెడలు లోతునకు దిగును. డిస్కు గాలికి బయలుపడి యుండుటచే త్వరగా చల్లారును. వేడికి కొంచెము మందమెక్కి ప్యాడ్లకు దగ్గరగునే కాని దూరము కాదు. వాగు దాటిన పిమ్మట తడిని త్వరగా విదిలించుకొనును. డిస్కుల గొప్పతనము నిజమే. ఐనను వానిని వెనుకనే మొదట వేయుట యుక్తము కాదు.

బండి ఆగబోవునప్పుడు, అందును పల్లములో, బరువు ముందుచక్రములపైకి ఒరగును, వెనుకవి తేలికపడును. తేలికపడిన చక్రమును గట్టిగా బిగించినచో అది తిరుగుట మాని జారును; బండి వెనుకభాగము ప్రక్కకు తిరుగును. వానకాలపు మలుపులో దీని ఫలితమును వర్ణింపనక్కఱలేదు. కావున మొదటి ఖర్చు ముందు చక్రముల డిస్కులకు. దానితోడనే మాస్టరు సిలిండరును మార్చవలెను. పాత జీపులలో నాలుగు చక్రములకును ఒకే గొట్టపు మార్గము. ఒకచోట కారినచో నాలుగును పోవును. రెండు మార్గముల సిలిండరు వేసినచో ఒకటి పోయినను మరియొకటి మిగులును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 రకము క్రొత్తగా నున్నపుడు 205 డిగ్రీల వఱకు మరుగకుండవలెను. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 140. మన వానలలో దీనిని మఱవరాదు.

ఇంత చేసిన పిమ్మట వెనుక డిస్కుల మాట. డ్రమ్ము వెనుకనుండు రేకు విప్పి, ఆ బోల్టు రంధ్రములకే క్యాలిపరును మోయు ఉక్కుపట్టీని బిగింతురు. ఇరుసు బేరింగునకు ఉండవలసిన సందును మరల సరిచూడవలెను. క్యాలిపరు రిమ్మునకు తగులరాదు. డ్రమ్ములో తిరుగు వేగమే ఒక షూను లోనికి లాగి సాయపడును. డిస్కునకు ఆ సాయము లేదు గనుక బూస్టరు కావలెను. డీజిలు ఇంజనులో సహజముగా తగిన వాక్యూము పుట్టదు. దానికి వేఱుగ పంపు నమర్చవలెను. డ్రమ్ముల కొఱకు గొట్టములో కొంత ఒత్తిడిని నిలిపియుంచు చిన్న వాల్వు తీసివేయనిచో ప్యాడ్లు డిస్కును ఎల్లప్పుడు రాచుచుండును. వెనుకకు పోవు ఒత్తిడిని తగ్గించు వాల్వు మాత్రము అదనముగా వేయింపవలెను.

హ్యాండు బ్రేకు సంగతి బండిని బట్టి యుండును. విల్లీస్ వంశపు పాత జీపులలో అది చక్రములలో లేదు. గేరుపెట్టె వెనుక ప్రొపెల్లరు షాఫ్టుపై నున్నది. కావున వెనుక డ్రమ్ములు తీసినను పోదు. (ఒక వెనుక చక్రమును జాకీపై నెత్తినచో ఈ బ్రేకు బండిని నిలుపలేదు, మిగిలిన చక్రములకు రాళ్లు పెట్టుట తప్పనిసరి.) మారుతీ జిప్సీ వంటి బండ్లలోనన్ననో, హ్యాండు బ్రేకు వెనుక డ్రమ్ములోనే యుండును; డ్రమ్ముతో అదియు పోవును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 96వది కాలి బ్రేకుతో పాటు దీనిని గూడ కోరుచున్నది. అట్టి బండికి హ్యాండు బ్రేకు మీట గల క్యాలిపరునే వెదకవలెను.

పని ముగిసిన పిమ్మట తిన్నగా కనుమకు పోరాదు. సమతలముపై బరువు లేకుండ కొంతదూరము నడిపి, దిగి, చక్రముల దగ్గఱ చేయి తాకింపక ఉంచి చూడవలెను. ఒక ప్రక్క డిస్కు రెండవ దానికంటె మిక్కిలి వేడిగా నున్నచో ఆ వైపు ప్యాడ్లు వదలుటలేదని గ్రహించి, బండిని తిరిగి షెడ్డునకే తీసికొనిపోవలెను.