సంఘమునకు వచ్చు ఉత్తరము ఎవరి పెట్టెలో పడవలయును?



మొన్నటి సార్వా పంటకాలమున మేము ఒక సహకార సంఘమునకు ఈమెయిలు ద్వారా నొక సలహా పంపితిమి. ఆ ప్రాంతపు వరిచేలలో సుడిదోమ కనబడెను. చేలలోని నీరు తీసి ఆరగట్టవలయుననియు, యూరియా వేయుట ఆపవలయుననియు, రెండేసి మీటర్లకొక కాలిబాట తీసి గాలి ఆడనీయవలయుననియు, దుబ్బుల మొదళ్లను విడదీసి చూచుకొనవలయుననియు అందు వ్రాసితిమి. పదునొకండు దినముల పిమ్మట మేము ఆ గ్రామమునకు పోవునప్పటికి చేలు అచ్చటచ్చట గుండ్రముగా ఎండి, సుడులు సుడులుగా పడియుండెను. మా యుత్తరము అందలేదా యని యడిగితిమి. కార్యదర్శిగారు తమ పెట్టె తెఱచి చూపిరి. అందులో లేదు. విచారింపగా తెలిసినదేమనగా, మా పుస్తకములో ఆ సంఘమునకు వ్రాసికొనియున్న చిరునామా వెనుకటి గుమాస్తాగారి పేరుతో నున్నది. ఆయన ఉద్యోగము విడిచి రెండేండ్లయినది. ఆయన పెట్టె మాత్రము సర్వరులో నట్లే యుండెను. మా యుత్తరము భద్రముగా నందు పడియుండెను. చదువువారు లేరు.

తప్పు మాయందును గలదు. చిరునామా సరియైనదో కాదో ఒక్కసారి ఫోనులో నడిగియుండవచ్చును. అయినను ఇట్టి తప్పు మరల జరుగకుండ సంఘమువారు తమ సర్వరులోనే చేసికొనదగిన ఏర్పాటు ఒకటి కలదు. అది కొద్ది పంక్తుల పని. దానిని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

మేము మిషను పాఠశాల హాస్టలులో చదువుకొన్న దినములలో మా యిండ్లనుండి మనియార్డరులు వచ్చుచుండెడివి. పంపువారు వార్డెనుగారి పేరు వ్రాసెడివారు కారు. వార్డెను, బాలుర హాస్టలు అని మాత్రమే వ్రాసెడివారు. మేమున్న యేండ్లలో వార్డెనులు పలువురు మాఱిరి గాని మనియార్డరు ఒక్కటియు తప్పిపోలేదు. ఇప్పటి వార్డెను ఎవరో పోస్టుజవానునకు తెలియును గదా! యంత్రమునకు ఆ యెఱుక తనంతట రాదు. మనము చెప్పవలయును. అట్లు చెప్పుటకే మెయిలు సర్వరులలో అలియాస్ అని పేరు. ఈ మాట మన గ్రామములకు క్రొత్తది కాదు. పోలీసువారి దస్తరములలో ఒక మనిషికి రెండు పేర్లున్నచో నడుమ నీ మాట వ్రాయుట అందఱును చూచినదే. అక్కడ ఒక మనిషికి రెండవ పేరు చెప్పుదురు; ఇక్కడ ఒక పదవి పేరునకు మనిషిని చూపుదురు. మేము దీనిని మాఱుపేరు అనియెదము.

ఉత్తరము సర్వరునకు చేరిన పిమ్మట ఏమగునో ముందు తెలిసికొనవలయును. ఈమెయిలు చిరునామాలో ఎట్ గుర్తునకు కుడివైపుననున్నది ఊరిపేరు వంటిది. ఎడమవైపుననున్నది మనిషిపేరు వంటిది. సర్వరు మొదట ఊరిపేరు చూచును. అది తన స్థానికమైన పేర్ల జాబితాలో నున్నచో ఉత్తరము మనయూరిదేయని గ్రహించును. పోస్ట్‌ఫిక్స్ అను సర్వరులో నీ జాబితాకు మైడెస్టినేషన్ అని పేరు. అటుపిమ్మట ఎడమవైపు పేరును మాఱుపేర్ల పట్టికలో వెదకును. దొరికినచో దానిని తీసివేసి, పట్టికలో దాని కెదురుగానున్న పేరును తీసికొని, ఆ క్రొత్త పేరును గూడ మరల అదే పట్టికలో వెదకును. ఇట్లు పోయి పోయి పట్టికలో లేని పేరు తగిలినప్పుడు, ఆ పేరుతో యంత్రములో ఖాతా యున్నదేమో చూచి, ఉన్నచో ఆ పెట్టెలో వేయును. పట్టికలోను లేక, ఖాతాయు లేకున్నచో, ఇట్టివారిచ్చట లేరని 550 అను సంఖ్యతో తిరస్కరించును. ఆ సంగతి పంపినవారికి తెలియును.

ఆ గుమాస్తాగారి ఖాతాను తీసివేసియుండినయెడల మా యుత్తరము ఆ దినమే తిరిగివచ్చియుండును. మేము ఫోను చేసియుందుము. తిరిగివచ్చిన ఉత్తరముకంటె మూగపెట్టెలో పడిన ఉత్తరమువలననే చేటెక్కువ.

ఈ పట్టిక లినక్సు యంత్రములలో సాధారణముగా ఎట్సీ యను సంచిలో అలియాసెస్ అను పేరుగల దస్తరముగా నుండును. అది వట్టి అక్షరముల దస్తరము, ఎవరైనను చదువవచ్చును. ఒక్కొక్క పంక్తిలో ఎడమవైపున మాఱుపేరు, తరువాత రెండు చుక్కల గుర్తు, తరువాత ఉత్తరము చేరవలసినవారి పేర్లు. పలువురున్నచో నడుమ కామా పెట్టవలయును. లెక్కల పుస్తకములలో వచ్చు రాముడు, సోముడు అనువారే మన సంఘమున కార్యదర్శియు, గుమాస్తాయు అనుకొందము. అప్పుడు పట్టిక ఇట్లుండును:

కార్యదర్శి: రాముడు
విత్తనములు: సోముడు, రాముడు
వెనుకటిగుమాస్తా: సోముడు

మనకు తెలియుటకై ఇట్లు తెలుగులో వ్రాసితిమిగాని యంత్రములో ఇంగ్లీషు చిన్నయక్షరములతో వ్రాయుటయే మేలు. ఎడమవైపున ఎట్ గుర్తుగాని ఊరిపేరుగాని వ్రాయరాదు. పేరు మాత్రమే చాలును. పంక్తి మొదట హాష్ గుర్తు పెట్టినచో ఆ పంక్తిని యంత్రము లెక్కింపదు; ఈ మార్పు ఏ తేదీన ఎవరు చేసిరో అందు వ్రాసి యుంచవచ్చును. ఇంకొకటి. పంక్తిని ఖాళీజాగాతో మొదలుపెట్టినచో అది పై పంక్తికి కొనసాగింపని యంత్రము తలంచును. అందముగా నుండునని పంక్తులను లోపలికి జరిపి వ్రాసిన కుఱ్ఱవారు ఈ చోటనే మోసపోవుదురు.

పైని మూడవ పంక్తిని చూడుడు. పట్టికను ముందును, ఖాతాను తరువాతను చూచునని చెప్పితిమి గదా. కావున వెనుకటి గుమాస్తాగారి ఖాతా యింకను తీసివేయకున్నను, ఈ పంక్తి వలన ఆయన పేరున వచ్చు ఉత్తరములు ఇప్పటి గుమాస్తాగారికే చేరును. పాత చిరునామా వ్రాసికొనియున్న మా వంటివారికిది రక్ష. అయితే ఆయన సొంత ఉత్తరములును వానితో కలిసి రావచ్చును. కాబట్టి ఆయనకు ముందుగా తెలియపఱచి, ఆయన యంగీకారముతో చేయుట మర్యాద.

దస్తరము మార్చి భద్రపఱచినంతమాత్రమున పని ముగియదు. చిట్టాలో వ్రాసి ఆవర్జాలో ఎత్తకున్నచో సభ్యుని ఖాతాలో సొమ్ము కనబడునా? ఇదియు నట్లే. పోస్ట్‌ఫిక్స్ గాని, సెండ్‌మెయిల్ గాని ఈ దస్తరమును నేరుగా చదువవు. దానినుండి తయారైన డేటాబేసును మాత్రమే చదువును. దానిని తయారుచేయుటకు న్యూఅలియాసెస్ అను ఆజ్ఞను, యంత్రమునకు పెద్దయగు రూట్ అధికారముతో నీయవలయును. ఈ యొక్క ఆజ్ఞ మఱచి, సర్వరు చెడిపోయినదని వగచినవారిని మేమెఱుగుదుము. డెబియను వారి పంపిణీలో వచ్చు ఎక్సిమ్ అను సర్వరు మాత్రము దస్తరమునే నేరుగా చూచును. దానికీ యాజ్ఞ అక్కఱలేదు. కావున మన యంత్రములో నున్నది ఏ సర్వరో ముందడిగి తెలిసికొనుడు.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఎరిక్ ఆల్‌మన్ వ్రాసిన సెండ్‌మెయిల్ 1983లో లోకమునకు వచ్చినది. 1998లో ఐబీఎం పరిశోధనాలయమునుండి వీట్సె వెనెమా వ్రాసిన పోస్ట్‌ఫిక్స్ వెలువడినప్పుడు, లోపలి యంత్రాంగమంతయు క్రొత్తదైనను మాఱుపేర్ల దస్తరపు తీరును మాత్రము ఆయన పాతదిగనే యుంచెను. ఆజ్ఞల పేర్లును అవియే. నాగలి మార్చినను ఎడ్ల కాడిని మార్చకుండుట వంటిది.

సంఘము తనకు కావలసిన పేర్లు ఎన్ని పెట్టుకొన్నను, రెండు పేర్లు విడువరానివి. ఒకటి పోస్ట్‌మాస్టర్. మెయిలు పుచ్చుకొను ప్రతి ఊరిపేరునకును ఈ చిరునామా పనిచేయవలయునని 2008లో వెలువడిన ఇంటర్నెట్టు నియమపత్రము 5321 విధించుచున్నది. మన సర్వరునుండి ఏదైన అక్రమము జరిగినచో ఫిర్యాదు చేయుటకు అబ్యూస్ అను పేరును 1997 నాటి నియమపత్రము 2142 చెప్పినది. అదియు నుంచుట మంచిది. రెండవది రూట్. రాత్రి బ్యాకప్ జరుగలేదనియు, మఱి యిట్టి మొఱలను యంత్రము ఈ పేరుననే వ్రాసికొనును. సాధారణముగా రూట్ పెట్టెను ఎవరును తెఱువరు. రూట్ అని వ్రాసి దాని కెదురుగా, ప్రతిదినమును ఉత్తరములు చూచుకొనునట్టి మనిషి పేరు వ్రాయుడు.

ఒక్కొక్క మాఱుపేరునకు ఎందఱిని చూపవలయును? ఒక్కనినే చూపినచో అతడు జబ్బుపడిన దినమున ఉత్తరము నిలిచిపోవును. అయిదుగురిని చూపినచో, తక్కిన నలుగురిలో నెవరో జవాబిచ్చియుందురని ప్రతివాడును ఊరకుండును. మా యనుభవమున ఇద్దఱు చాలుదురు; వారిలో జవాబుదారి ఎవరో సంఘపు మినిట్సు పుస్తకములో వ్రాయవలయును.

సభ్యులందఱకును ఒకేసారి కబురు పంపవలసినప్పుడు పేర్లన్నియు పట్టికలో వ్రాయనక్కఱలేదు. వానిని ఒక ప్రత్యేక దస్తరములో పంక్తికొకటి చొప్పున వ్రాసి, పట్టికలో నా మాఱుపేరున కెదురుగా ఇన్‌క్లూడ్ అను మాటను రెండు చుక్కల గుర్తుల నడుమ పెట్టి, వెంటనే ఆ దస్తరపు దారి చూపిన చాలును. సభ్యులు చేరినను, విడిచినను ఆ చిన్న దస్తరమును మార్చుకొనవచ్చును. దాని కొఱకు న్యూఅలియాసెస్ మరల నీయనక్కఱలేదు. ఆ జాబితా పేరునకు ముందు ఓనర్ అను మాటయు, అడ్డగీతయు చేర్చి మఱియొక మాఱుపేరు పెట్టినచో, అందని ఉత్తరముల సమాచారము ఆ మనిషికి వచ్చును. సభ్యులలో ఎవరి చిరునామా చెడినదో తెలియుట కదియే మార్గము.

ఇక జాగ్రత్తలు. కార్యదర్శి కెదురుగా గుమాస్తాను, గుమాస్తా కెదురుగా కార్యదర్శిని వ్రాసినచో ఉత్తరము గానుగెద్దువలె తిరుగును. సర్వరు అది కనిపెట్టి పంపినవారికి త్రిప్పివేయును. కుడివైపున బయటి కంపెనీల ఉచిత పెట్టెల చిరునామాలను వ్రాయవచ్చునుగాని మేము సలహా యీయము. అట్లు మళ్లించిన ఉత్తరము మన సర్వరునుండి పోవుటచే, మొదట పంపినవారి ఎస్‌పీఎఫ్ తనిఖీలో తప్పిపోవచ్చును. 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ వారు ఈ తనిఖీలను కఠినపఱచిరి. మఱియు నీ పట్టికలో ఉత్తరమును ఒక ప్రోగ్రామునకు అప్పగించు విధమును గలదు. అందుచే ఈ దస్తరమును మార్చు అధికారము రూట్‌నకు తప్ప అన్యులకుండరాదు.

ఒకే సర్వరును రెండు సంఘములు పంచుకొన్నచో ఈ పట్టిక చాలదు. ఇందు ఊరిపేరు లేదు గనుక, రెండు సంఘముల కార్యదర్శుల ఉత్తరములును ఒక్కరికే పోవును. అట్టివారు ఊరిపేరుతో కూడిన వర్చువల్ పట్టికను పెట్టుకొనవలయును. సొంత సర్వరు లేక బయటివారి సేవను అద్దెకు తీసికొన్న సంఘములకు ఈ దస్తరము చేతికి రాదు. వారిచ్చు అమరికలలో గ్రూపు అనియో అలియాస్ అనియో యున్నదానిని అడుగుడు.

2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించిరి. యంత్రములు వచ్చినవి, ఇనుపబీరువా తాళములు, రసీదు పుస్తకములు అప్పగించునప్పుడు వ్రాయు జాబితాలో ఈ మాఱుపేర్ల పట్టికను గూడ చేర్చుట ఇంకను అలవాటు కాలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని గూర్చి అడుగుటకు ప్రతి సభ్యునకును హక్కు గలదు.

మేము మొదట చెప్పిన సంఘమున ఆ సాయంకాలమే మూడు పంక్తులు వ్రాసి న్యూఅలియాసెస్ ఇచ్చిరి. తరువాత మేము మా ఫోనునుండి, పాత గుమాస్తాగారి పేరుననే, ఒక పరీక్షోత్తరము పంపితిమి. అది కార్యాలయపు గుమాస్తాగారి పెట్టెలో పడుట చూచి, వెలుతురుండగనే మిగిలిన చేలలో కాలిబాటలు తీయించుటకు పొలమునకు నడచితిమి.