తొమ్మిది వేల దిర్హాముల కారు: కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

"అన్నా, తొమ్మిది వేలకే కారుంది. మనోడే, ఇంటికి పోతున్నాడు. ఏసీ మస్తుగుంది. తీసుకుంటవా?"

షార్జాలో, అజ్మాన్‌లో ఉండి దుబాయ్‌లో పని చేసే మనవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. జూలై ఎండలో బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోయినప్పుడు, ఆ తొమ్మిది వేలు పెద్ద మొత్తంగా కనిపించవు. లైసెన్స్ కోసం వేల దిర్హాములు కట్టి, రెండు మూడుసార్లు టెస్టుకు పోయి పాసైన మనిషికి సొంత కారు ఉండాలనిపించడం సహజం. కారు కొనొద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కానీ ఇక్కడ కారు ఒక వస్తువు మాత్రమే కాదు. అది మీ ఎమిరేట్స్ ఐడీకి, మీ వీసాకి, రేపు మీరు ఎక్కాల్సిన విమానానికి కూడా ముడిపడి ఉంటుంది. అందుకే కారు ధర ఒక్కటే చూసుకుంటే సరిపోదు.

ముల్కియా మీద ఎవరి పేరుంది?

మాతో పాటు రూములో ఉన్న ఒక ఏసీ టెక్నీషియన్ ఇలాగే, ఉద్యోగం మానేసి ఇంటికి పోతున్న మనిషి దగ్గర కారు కొన్నాడు. పేరు మార్పించాలంటే ముందు బండి పాసింగ్ కావాలి, పాత చలాన్లు కట్టాలి. రెండింటికీ కలిపి రెండు వేలు దాటుతోంది. "ముల్కియా ఇంకా మూడు నెలలుంది కదా, అప్పటిదాకా నా పేరు మీదనే నడుపుకో, నేను కాగితం రాసిస్తా" అన్నాడు అమ్మిన మనిషి. మనవాడు ఒప్పుకొని, డబ్బు చేతికిచ్చి తాళం తీసుకున్నాడు.

మూడు నెలలకు ముల్కియా అయిపోయింది. రెన్యువల్‌కు పోతే, బండి ఇంకొకరి పేరు మీద ఉంది, ఆయన వీసా రద్దయింది, మనిషి దేశంలో లేడు. రాసిచ్చిన కాగితం ఏ కౌంటర్‌లోనూ పనికి రాలేదు. బండి కొన్నాళ్లు రోడ్డు పక్కన దుమ్ము పట్టి, చివరికి జప్తు అయింది. డబ్బు చేతికిచ్చాడు కాబట్టి అడగడానికి రసీదు కూడా లేదు. ఆరు నెలలు కూడబెట్టిన సొమ్ము అలా పోయింది.

ఇందులో నష్టం కొన్నవాడికే కాదు. పేరు మార్చకుండా అమ్మినవాడి మీద కూడా ప్రమాదం ఉంది. కొన్నవాడు రెడ్ సిగ్నల్ దాటినా, ఎవరినైనా గుద్ది పారిపోయినా, పోలీసులు ముందు వెతికేది ముల్కియా మీద పేరున్న మనిషినే.

పేరు మార్చే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ ఎమిరేట్స్ ఐడీలతో తస్జీల్ లాంటి కేంద్రానికి కలిసి పోవాలి. బండికి టెస్ట్ చేయించాలి. దాని మీదున్న ముఖాలఫాలన్నీ, అంటే చలాన్లన్నీ కట్టేయాలి. బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు నుంచి క్లియరెన్స్ రావాలి. కొనేవాళ్లు తమ పేరు మీద కొత్త ఇన్సూరెన్స్ తీసుకోవాలి. అప్పుడు కొత్త ముల్కియా మీ పేరుతో చేతికొస్తుంది. పూర్తి డబ్బు ఇవ్వాల్సింది ఆ కౌంటర్ దగ్గర, అంతకు ముందు కాదు. అడ్వాన్స్ ఇస్తే బ్యాంకు ద్వారా పంపండి, రసీదు రాయించుకోండి.

పాసింగ్ అయిందంటే బండి బాగున్నట్టేనా?

మూడేళ్లు దాటిన ప్రతి కారుకూ ఏటా టెస్ట్ ఉంటుంది. "నిన్ననే పాసింగ్ అయింది" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. ఆ టెస్ట్ చూసేది బ్రేకులు, లైట్లు, టైర్లు, చాసిస్, పొగ వంటివి. అంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా లేదా అన్నది. ఇంజిన్ ఇంకెన్నాళ్లు వస్తుంది, గేర్‌బాక్స్ జారుతోందా, ఏసీ కంప్రెసర్ ఆగస్టు దాకా ఆగుతుందా అన్నది ఆ కాగితం చెప్పదు. ఈ ఎండలో ముందు పోయేవి ఏసీ, రేడియేటర్, బ్యాటరీ, రబ్బరు పైపులే.

అందుకే కొనే ముందు మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి, లేదా కొన్ని వందల దిర్హాములు పెట్టి ఇన్‌స్పెక్షన్ చేయించండి. అమ్మేవాడు చూపించిన గ్యారేజీకి మాత్రం పోవద్దు. ఇన్‌స్పెక్షన్‌కు ఒప్పుకోకపోతే ఆ బండిని వదిలేయండి.

మీరు స్వయంగా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడండి. మీరు వచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే, ఏదో దాస్తున్నారేమోనని అనుమానించాలి. తాళం తిప్పగానే మీటరు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు, లోపల ఎయిర్‌బ్యాగే లేకపోవచ్చు. టైరు పక్క మీద నాలుగంకెల నంబరు చూడండి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారం తయారైన టైరు. ఇక్కడ అయిదేళ్లు దాటిన టైరు పనికిరాదు, గాడి ఎంత లోతుగా ఉన్నా సరే. మీటరు 90 వేల కిలోమీటర్లు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు పూర్తిగా అరిగిపోయి ఉంటే, ఆ మీటరును నమ్మొద్దు.

వరదలో మునిగిన బండ్లు, అమెరికా బండ్లు

2024 ఏప్రిల్ 16న పడ్డ వాన గుర్తుండే ఉంటుంది. 1949లో లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి ఈ దేశంలో అంత వాన పడలేదు. అల్ ఐన్ దగ్గర ఒక చోట ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు నమోదైంది. వేల కార్లు నీళ్లలో నిలిచాయి. అలాంటి బండిని కడిగి, సీట్లు ఉతికి, సెంటు కొట్టి అమ్మకానికి పెట్టడం కష్టం కాదు. కానీ నీళ్లు తాకిన వైర్లు, సెన్సర్లు నెలల తర్వాత కూడా ఒక్కొక్కటే పాడవుతూ వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మట్టి మరక ఉంటుందేమో. సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయా, హెడ్‌లైట్ లోపల తేమ ఉందా, కార్పెట్ కింద ముక్క వాసన వస్తోందా చూడండి.

ఇంకో రకం, అమెరికా నుంచి వచ్చిన బండ్లు. అక్కడ ప్రమాదం జరిగి, ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన కార్లను వేలంలో కొని, ఇక్కడ డెంటింగ్, పెయింటింగ్ చేసి అమ్ముతారు. అన్నీ అలాంటివే అనలేం. కానీ గల్ఫ్ ఎండకు తగినట్టు తయారైన జీసీసీ బండి కంటే అదే మోడల్ అమెరికా బండి బాగా తక్కువకు వస్తోందంటే, ఎందుకో అడగాలి. ఎమిరేట్స్ వెహికల్ గేట్ సైట్‌లో చాసిస్ నంబర్ కొడితే ఈ దేశంలో నమోదైన ప్రమాదాలు తెలుస్తాయి. వేరే దేశంలో జరిగినవి అందులో కనపడవు, వాటికి మెకానిక్ కన్నే దిక్కు.

ఇన్సూరెన్స్ ఎంతవరకు కాపాడుతుంది?

పాత కారుకు మనవాళ్లు సాధారణంగా తీసుకునేది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. కారు పదేళ్లు దాటితే చాలా కంపెనీలు అంతకు మించి ఇవ్వవు కూడా. మీ తప్పు వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టాన్నే అది కడుతుంది. మీ బండి రిపేరు మీ జేబులోంచే. నడిపే మీకు దెబ్బ తగిలితే దానికి విడిగా కవర్ తీసుకోవాలి, దానికయ్యే అదనపు సొమ్ము తక్కువే. తీసుకోండి.

అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. ప్రమాదంలో మనిషి చనిపోతే ఇక్కడి చట్టం ప్రకారం దియా, అంటే ప్రాణ పరిహారం, 2 లక్షల దిర్హాములు. ఇన్సూరెన్స్ సరిగ్గా ఉంటే కంపెనీ కడుతుంది. కానీ నడిపిన మనిషికి ఇక్కడి లైసెన్స్ లేకపోయినా, మందు తాగి ఉన్నా, కంపెనీ బాధితులకు కట్టి ఆ తర్వాత మీ మీద వసూలుకు వస్తుంది. కేసు తేలేదాకా పాస్‌పోర్టు కోర్టులో ఉండొచ్చు. ఇంట్లో ఎవరికైనా బాగోలేదని ఫోనొచ్చినా కదలలేని పరిస్థితి అది. "ఒక్క రౌండ్ ఇవ్వవా అన్నా" అని రూమ్మేట్ అడిగితే, లైసెన్స్ లేనివాళ్లకు తాళం ఇవ్వకండి. మొహమాటానికి పోతే మొదటికే మోసం.

ఇదే కారణంతో, పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని డబ్బు తీసుకుని నలుగురిని ఎక్కించుకోవడం కూడా ప్రమాదమే. అనుమతి లేని కార్ లిఫ్ట్‌కు వేలల్లో జరిమానా, బ్లాక్ పాయింట్లు, బండి జప్తు ఉన్నాయి. ప్రైవేటు కారుకు తీసుకున్న ఇన్సూరెన్స్ ఆ పనికి వర్తించకపోవచ్చు.

ఇక లెక్క వేద్దాం

జీతం 4,000 దిర్హాములనుకుందాం. షార్జాలో గది, దేరాలో పని. ఈ అంకెలు ఉదాహరణకు, మీవి మీరు వేసుకోండి.

కారు: 9,000
ఇన్సూరెన్స్: 900
పాసింగ్, పేరు మార్పు: 600
టైర్లు, బ్యాటరీ: 1,100
ఏడాదిలో ఒక పెద్ద రిపేరు: 1,500
పెట్రోలు నెలకు 350, ఏడాదికి: 4,200
సాలిక్, రద్దీ వేళ ఒక గేటుకు 6 చొప్పున రోజుకు రెండుసార్లు, 26 రోజులు, నెలకు 312, ఏడాదికి: 3,744
పార్కింగ్ నెలకు 150, ఏడాదికి: 1,800

మొత్తం 22,844. ఏడాది తర్వాత కారును 5,000కు అమ్మినా, ఖర్చు 17,844. నెలకు దాదాపు 1,490 దిర్హాములు. బస్సుకు నెలకు 500 అవుతుందనుకుంటే, తేడా వెయ్యికి దగ్గర. నాలుగు వేల జీతంలో అది నాలుగో వంతు. ఇంటికి పంపే డబ్బులోంచే అది తగ్గుతుంది.

ఇంత పాత బండికి బ్యాంకు కారు లోను దొరకడం కష్టం. అందుకే కొందరు పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు, చిట్టీ డబ్బు వాడతారు. ఉద్యోగం పోతే కారు విలువ సగమై ఉంటుంది, అప్పు మాత్రం అట్లాగే ఉంటుంది. చివరకు వచ్చే గ్రాట్యుటీ మీ ఇంటికి కాకుండా అప్పుకు పోతుంది. అప్పున్నవాడు మంచి ఉద్యోగం దొరికినా మారలేడు, జీతం ఆలస్యమైనా గట్టిగా అడగలేడు. ఇది మన హక్కుల విషయం కూడా.

మరి ఎవరు కొనొచ్చు?

రాత్రి షిఫ్టుకు బస్సు లేనివాళ్లు, సామాన్లతో నాలుగు సైట్లు తిరిగేవాళ్లు, కుటుంబంతో ఉన్నవాళ్లు కొనొచ్చు. కారు వల్ల జీతం పెరిగేటట్టుంటే కూడా కొనొచ్చు. అయితే కంపెనీ పనికి సొంత కారు వాడమంటే, పెట్రోలు, సాలిక్, రిపేరు ఎవరిదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఆ సంగతి చెప్పండి. కంపెనీ బండిని మీ పేరు మీద పెట్టమంటే ఒప్పుకోకండి.

కారు ధరతో పాటు కనీసం 3,000 దిర్హాములు రిపేర్ల కోసం పక్కన ఉంటేనే కొనండి. అది లేకపోతే ఇంకొన్ని నెలలు ఆగండి.

కొనేముందు గుర్తు పెట్టుకోండి:

చలాన్లు, బ్యాంకు అప్పు, ప్రమాదాల చరిత్ర చూడండి.
మీ మెకానిక్‌తోనే చూపించండి.
పేరు మార్పు రోజే పూర్తి డబ్బు ఇవ్వండి.
లైసెన్స్ లేనివాళ్లకు తాళం ఇవ్వకండి.
ఇంటికి పోయేటప్పుడు వీసా రద్దుకు కనీసం నెల ముందే అమ్మేయండి. కొన్నవాళ్లతో కేంద్రానికి మీరే పోయి పేరు మార్పించండి. సాలిక్ ట్యాగ్ మీ ఖాతా నుంచి తీయించండి.

ప్రమాదం, కేసు, పాస్‌పోర్టు విషయంలో చిక్కుకుంటే ఒంటరిగా కాగితాల మీద సంతకాలు పెట్టకండి. అరబీలో ఉన్నది అర్థమయ్యాకే సంతకం చేయండి. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేస్తే సలహా ఉచితంగా దొరుకుతుంది. నంబరు 800 46342. ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి, పక్క బెడ్డు అన్నకు కూడా చెప్పండి.