జింక మాంసం వండాలంటే మటన్ లెక్క పనికిరాదు

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "ఆఫీసులో కొలీగ్ వేటకెళ్లి జింక మాంసం తెచ్చిచ్చాడు. ఎలా వండాలి?" ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందుగా ఒక మాట. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది ట్రై చేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ జింకను వేటాడటమే కాదు, ఆ మాంసం కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. తమాషా ఏంటంటే, మన తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింకను 1930ల్లో టెక్సస్‌కి తీసుకెళ్లారు. అక్కడ అది బయటి జాతి. లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడొచ్చు.

సరే, మాంసం మీ చేతికొచ్చింది. మసాలా కంటే ముందు ఇచ్చినవాళ్లని రెండు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఏ ప్రాంతంలో వేటాడారు, టెస్ట్ చేయించారా? అక్కడి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఉంది. దానికి కారణం ప్రయాన్ అనే చెడిపోయిన ప్రొటీన్. ఎన్ని విజిల్స్ వేసినా అది చావదు. ఇది మనుషులకి సోకిన కేసు ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా పాజిటివ్ వచ్చిన జింకను తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

రెండు, ఏ బుల్లెట్ వాడారు? సీసం బుల్లెట్ అయితే కంటికి కనిపించని ముక్కలు గాయం చుట్టూ చాలా దూరం వెళ్తాయి. ఆ భాగాన్ని ఎక్కువగానే కోసి పారేయాలి. చిన్నపిల్లలకి, గర్భిణులకి అసలు పెట్టకపోవడమే మంచిది.

ఇక వంట. జింక మాంసంలో కొవ్వు చాలా తక్కువ. ఉన్న కాస్త కొవ్వు కూడా చల్లారితే మైనంలా నోటికి అంటుకుంటుంది. అందుకే ఆ కొవ్వు, పైనుండే తెల్లటి పొర రెండూ తీసేయండి. బదులుగా మన నూనో నెయ్యో వేసుకోండి.

అరకిలోకి మూడు చెంచాల పెరుగు, ఒక చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, ఉప్పు, పసుపు, కారం పట్టించి మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. నీచువాసన పోతుందని నిమ్మరసం ఎక్కువ పోయకండి, పైపైన మెత్తబడి పిండిలా అవుతుంది. గరం మసాలా దండిగా వేస్తే మాంసం రుచే తెలియదు. మిరియాలు, ధనియాలు, రెండు లవంగాలు చాలు.

అన్నీ కుక్కర్‌లో పడేయకండి. మెడ, భుజం, కాళ్ల ముక్కల్లో నరాలు, పీచు ఎక్కువ. వాటికి కుక్కరే కరెక్ట్. చివర్లో గోంగూర కలిపితే అదిరిపోతుంది. వెన్నెముక పక్కనుండే పొడవాటి కండ మాత్రం అలా వండితే చెక్కముక్కే! దాన్ని పీచుకి అడ్డంగా కోసి, బాగా వేడెక్కిన పెనం మీద మిరియాలతో త్వరగా వేపుడు చేయండి.

ఉడికిందో లేదో రంగు చూసి నమ్మొద్దు, థర్మామీటర్ గుచ్చండి. పెద్ద ముక్కలకి లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చాక మూడు నిమిషాలు ఆగాలి. కీమాకి 160 తప్పనిసరి.

మీ దగ్గర ఏ భాగం ఉందో కామెంట్‌లో రాయండి. దానికి ఏ కూర బాగుంటుందో మాట్లాడుకుందాం. ఉంటా మరి!