ముస్తాబైన అంబాసిడర్‌లో మూగబోయిన నిప్పురవ్వ

పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు నిప్పు అందించే ఏర్పాటులో కంప్యూటరు, సెన్సారు వంటివేమీ లేవు. బ్యాటరీ, కీ, కాయిల్, డెల్కో, ప్లగ్గులు, వీటిని కలిపే వైర్లు, అంతే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో మొదలైన ఈ బండి ఉత్పత్తి ఉత్తరపారాలో 2014లో ఆగిపోయింది. ఆ తర్వాత పాతవాటిని వెతికి తెచ్చి, తుప్పు వదిలించి, రంగు వేయించి నడుపుకునేవారికి తరచూ ఎదురయ్యేది స్టార్టింగ్ ట్రబులే. విచిత్రమేమిటంటే, అందులో చాలా తప్పులు ముసలితనం వల్ల వచ్చినవి కావు. బాగుచేత వల్ల వచ్చినవి. కొత్తగా పడిన రంగును, కొత్తగా బిగించిన భాగాన్ని ముందు అనుమానించాలి.

డిస్ట్రిబ్యూటర్‌ను మన మెకానిక్కులు డెల్కో అంటారు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ మిత్రుడితో కలిసి 1909లో పెట్టిన కంపెనీ పేరది. ఆయన రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 మోడల్ క్యాడిలాక్‌లో వచ్చింది. అంబాసిడర్‌లో ఉన్నదీ ఆ సూత్రమే. డెల్కో లోపల పాయింట్లు కలిసినప్పుడు కాయిల్‌లోని లావు తీగ చుట్టలో కరెంటు పారి అయస్కాంత శక్తి పోగవుతుంది. పాయింట్లు విడిన క్షణంలో అది ఒక్కసారిగా కూలి, సన్న తీగ చుట్టలో వేల వోల్టులు పుడతాయి. రోటర్ ఆ కరెంటును వంతులవారీగా ప్లగ్గులకు పంచుతుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఇదంతా సెకనుకు 100 సార్లు జరగాలి.

వెతుకులాటలో మొదటి పని తప్పు కాయిల్‌కు ఇవతల ఉందో అవతల ఉందో తేల్చడం. డెల్కో మూత నుంచి నడిమి వైరు ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న పటకారుతో పట్టుకుని, దాని కొసను ఇంజన్ లోహానికి అర సెంటీమీటరు దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టాలి. దగ్గర్లో పెట్రోలు కారి ఉంటే మాత్రం ఈ పరీక్ష జోలికి పోకూడదు. టపటపమంటూ నీలి రవ్వ దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ పనిచేస్తున్నట్టే. ఇక మూత, రోటర్, ప్లగ్గులు, వాటి వైర్లు, టైమింగ్ చూసుకోవాలి. సన్నగా పసుపుపచ్చ రవ్వ వచ్చినా, అసలేమీ రాకపోయినా వెనక్కి వెళ్లాలి.

అక్కడ 12 వోల్టుల చిన్న బల్బు, రెండు వైర్లు చాలు. ఒక వైరు ఎర్త్‌కు, రెండోది కాయిల్‌పై డెల్కో వైరు బిగించిన చోట తగిలించి, కీ ఆన్ చేసి, ఇంజన్‌ను హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాలి. పాయింట్లు విడినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలిసినా కరెంటు ఎర్త్‌కు చేరడం లేదన్నమాట. కొత్త పాయింట్ల మొనలపై తుప్పు పట్టకుండా పూసిన పల్చటి పొర ఇందుకు చాలు. శుభ్రమైన గుడ్డతో తుడిస్తే పోతుంది. డెల్కో లోపలి సన్న వైరు పైకి బాగానే కనిపిస్తూ తొడుగు లోపల తెగి ఉండడమూ ఉంది. బల్బు అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటు వస్తోందో లేదో ముందు చూడాలి. వస్తుంటే, పాయింట్లు బిగించేటప్పుడు ఇన్సులేషన్ వాషర్ తారుమారై, వైరు నేరుగా ఎర్త్ అయి ఉండవచ్చు. గోరంత వాషర్‌తో రోజంతా పోతుంది.

ఇక రంగు సంగతి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని నిగనిగలాడే కొత్త రంగు మీదే బిగిస్తే కరెంటు సరిగా పోదు. బోల్టు కూర్చునే చోట లోహం మెరిసేదాకా గీకాల్సిందే. అందం కోసం ఇక్కడ రాజీ పడకూడదు.

పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళాలు ఉండాలి. టైమింగ్ పెట్టడం ఆ తర్వాతే. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారిపోతుంది.

ఇంజన్ విప్పి బిగించిన బండిలో రవ్వ బలంగా ఉన్నా స్టార్ట్ కాకుండా కార్బురేటర్‌లోంచి టప్పున పేలుతుంటే డెల్కో షాఫ్టు సగం చుట్టు తేడాగా కూర్చుందేమో చూడాలి. ఫ్యాన్ వైపున్న ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి, రంధ్రంపై బొటనవేలు అదిమి ఇంజన్ తిప్పితే, ఒక దశలో గాలి వేలిని నెడుతుంది. పిస్టన్ పైకి చేరేసరికి రోటర్ ఒకటో వైరు వైపు చూడాలి. అక్కడి నుంచి వైర్ల వరుస 1-3-4-2, గడియారం ముల్లుకు ఎదురు దిశలో.

అన్నిటికంటే సతాయించేది, చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి వేడెక్కాక ఆగిపోయే బండి. పెట్రోలు ఆవిరై అడ్డుపడినా ఇలాగే జరుగుతుంది కాబట్టి, ఆగిన వెంటనే, ఇంజన్ చల్లారకముందే రవ్వ చూడాలి. రవ్వ లేకపోతే కండెన్సర్, కాయిల్, రోటర్ ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. మూడూ ఒకేసారి మారిస్తే దోషి ఎవరో తెలియదు. నాసిరకం కొత్త రోటర్లలో ఇత్తడి పలకను పట్టి ఉంచే రివెట్టు గుండా కరెంటు కింది షాఫ్టులోకి జారిపోతుంది. కండెన్సర్ వేడికి లోపల్లోపలే చేతులెత్తేస్తుంది. బాగుచేతలో ఊడదీసిన పాత రోటర్, పాత కండెన్సర్ అప్పటిదాకా పనిచేస్తున్నవే అయితే, వాటిని గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచుకోవడం మంచిది. రోడ్డు పక్కన పోల్చి చూసేందుకు నమ్మదగినవి అవే.